పెత్రమాసకు ఇళ్లకు వెళ్లిన ఇరవై మూడు వస్తువుల గురించి

కోరుట్ల,
తేది: 24-10-2024.

శ్రీయుత కార్యనిర్వహణాధికారి గారికి,
మానేరు–గోదావరి ప్రాంత వారసత్వ మండలి,
సిరిసిల్ల.

అయ్యా,

విషయం: కోరుట్ల స్థానిక చరిత్ర ప్రదర్శనశాల మూసివేత – అటెండరు శ్రీ దేవయ్యపై దొంగతనం అభియోగం ఉపసంహరణ – దాతల ఇళ్లలో ఉన్న 23 వస్తువులను రసీదు ఇచ్చి స్వీకరించుట – గురించి.

సూచిక: (1) 3-10-2024 నాటి పంచనామా, సస్పెన్షన్ ఉత్తర్వు. (2) 18-10-2024 నాటి పత్రికా ప్రకటన. (3) దాతల ఒప్పంద పత్రం, షరతు 4.

ఈ నెల 3వ తేదీ గురువారం ఉదయం 11 గంటల 40 నిమిషాలకు తమ మండలి సిబ్బంది కోరుట్ల ప్రదర్శనశాలకు సీలు వేశారు. 12 గంటల 15 నిమిషాలకు అటెండరు దేవయ్యను, 23 వస్తువులు దొంగిలించాడని సస్పెండ్ చేశారు. రెండింటి మధ్య ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. ఆ వస్తువులు ఎక్కడున్నాయని ఆ ముప్పై అయిదు నిమిషాలలో ఆయనను ఎవరూ అడగలేదు. ఆయనే చెప్పబోతే వినలేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు విలేకరిగా పనిచేసి విరమణ పొందినవాడిని. ఆ రోజు గేటు దగ్గర ఉన్నాను. ఈ అర్జీలో నేను కళ్లారా చూసినవి, కాగితాల మీద ఉన్నవి, సంబంధితులు స్వయంగా చెప్పినవి మాత్రమే రాస్తున్నాను.

1. భవనం మూయడం తప్పని మేము అనడం లేదు. సెప్టెంబరు మొదట్లో పడిన వానలకు నడి హాలు పైకప్పు పెచ్చులు ఊడాయి. ఇంజనీరు వచ్చి చూసి ప్రమాదమని రాసి ఇచ్చారు. రెండేళ్లలో జగిత్యాలలో కొత్త భవనం కడతామని, అప్పటిదాకా వస్తువులను సిరిసిల్ల గోదాములో దాస్తామని తమ ప్రణాళికలో ఉంది. దానికీ ఎవరూ అడ్డం చెప్పలేదు. చెప్పేదల్లా మూసిన తీరు గురించే.

2. ప్రదర్శనశాల జాబితాలో ఉన్నవి 412 వస్తువులు. వీటిలో రాజులవీ దొరలవీ ఏమీ లేవు. అన్నీ ఇళ్లలోవే. గీత కార్మికుల మోకులు, సిరిసిల్ల మగ్గాల నాడెలు, బీడీల చాటలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన పెట్టెలు. 2009లో ఈ ప్రదర్శనశాల మొదలైనప్పుడు ఆరు నెలల్లో వచ్చినవి పదకొండే. చనిపోయినవారి వస్తువు ఇల్లు దాటితే, పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకునేటప్పుడు పక్కన ఏమి ఉంచుకోవాలని ప్రతి ఇంట్లోనూ అడిగారు. అప్పటి అధికారి ఆ మాట విని ఒప్పంద పత్రంలో నాలుగో షరతు చేర్చారు. దానిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"దాత కుటుంబము కోరినచో భాద్రపద అమావాస్యకు మూడు దినముల ముందు వస్తువును ఇంటికి ఇవ్వవలెను. విజయదశమి మరునాడు తిరిగి స్వీకరించవలెను."

ఈ షరతు పెట్టిన తరువాతి ఏడాదిలోనే మూడు వందల పైచిలుకు వస్తువులు వచ్చాయి. అప్పటినుంచి ప్రతి పెత్రమాసకూ పదిహేను నుంచి ముప్పై వస్తువుల దాకా ఇళ్లకు వెళ్తున్నాయి, దసరా తెల్లారి తిరిగి వస్తున్నాయి. పదిహేనేళ్లలో ఒక్కటీ పోలేదు. 2016లో ఒక నాడె విరిగితే, ఆ ఇంటివాళ్లే బాగు చేయించి తెచ్చారు. ఈ సంవత్సరం పెత్రమాస అక్టోబరు 2, దసరా అక్టోబరు 12. సెప్టెంబరు 29 నుంచి ఇళ్లకు వెళ్లినవి ఇరవై మూడు. తమ పంచనామాలో లేవని రాసినవి కూడా సరిగ్గా ఇరవై మూడే.

3. లెక్కపెట్టి సీలు వేయడానికి మొదట అనుకున్న తేదీ సెప్టెంబరు 19. ఆ రోజు వచ్చి లెక్కపెట్టి ఉంటే 412 వస్తువులూ గదిలోనే దొరికేవి. వాయిదా వేసింది తమ కార్యాలయమే. సిబ్బంది వాట్సాప్ గ్రూపులో సహాయ అధికారి శ్రీ మహిపాల్ సెప్టెంబరు 17న పెట్టిన సందేశం ఇది: "పెద్దల దినాలు నడుస్తయి. గిప్పుడు కొత్త పని వద్దు. పెత్రమాస పోయినంక మూడో తారీకు మంచిగున్నది."

అంటే పెత్రమాస ఎప్పుడో తమ కార్యాలయానికి తెలుసు. దాని కోసమే పద్నాలుగు రోజులు పని ఆపుకున్నారు. ఆ అమావాస్య వెళ్లిన మర్నాడే, ఏడాదిలో ఆ వస్తువులు బయట ఉండే ఆ రెండు వారాలలోనే, వచ్చి లెక్కపెట్టారు. తమ ఇంటి పెద్దల కోసం క్యాలెండరు చూసినవారు దాతల ఇంటి పెద్దల కోసం ఒప్పంద పత్రం తిప్పి చూడలేదు.

4. వస్తువు ఇంటికి వెళ్లినప్పుడు దాని చోట చీటీ పెట్టడం దేవయ్య అలవాటు. చీటీ మీద కుటుంబం పేరు, ఊరు, ఫోను నంబరు, తీసుకెళ్లిన తేదీ ఉంటాయి. తమ పంచనామా రెండో పేజీలో "ఖాళీ స్థానములలో చీటీలు కలవు (23)" అని రాసి ఉంది. చీటీలను లెక్కపెట్టారు. వాటి మీద ఏముందో రాయలేదు. దొంగతనం చేసినవాడు ఖాళీ చోట సొంతదారుల ఫోను నంబరు రాసిపెట్టి పోవడం నా ఇరవై ఎనిమిదేళ్ల పనిలో నేను ఎక్కడా చూడలేదు.

ఆ ఇంటివాళ్ల సంతకాలు, వేలిముద్రలు ఉన్న పుస్తకం కూడా ఉంది. అది దేవయ్య టేబులు సొరుగులో ఉంది. సీలు వేస్తుంటే గడపలో జరిగిన మాటలు ఇవి. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను.

దేవయ్య: "సారు, గా సొరుగుల పెత్రమాస పుస్తకం ఉన్నది. అది తీసుకొని అప్పుడు సీలు ఏయుండ్రి."

మహిపాల్: "లోపటికి ఎవ్వలు పోవద్దు. పైకప్పు కూలుతది."

"నేనే పోయి తెస్త సారు. కూలితే నా మీద కూలుతది."

"నువ్వు పోతే రికార్డు మారుస్తవు."

"అయితే మీరే పోయి తేండ్రి."

"చెప్పిన గద, పైకప్పు కూలుతది."

అదే పైకప్పు కింద పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా తమ సిబ్బంది నలుగురు నిలబడి లెక్క రాసుకున్నారు.

ఆ తరువాత ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి, తరలింపు పని ఆపేశారు. కారణం: దొంగతనం విచారణలో ఉంది కాబట్టి సీలు తీయకూడదు. మిగిలిన 389 వస్తువులు ఆ పైకప్పు కిందే ఉన్నాయి. అప్పటినుంచి రెండుసార్లు వాన పడింది. ప్రమాదమని మనుషులను బయటికి పంపి వస్తువులను లోపల ఉంచారు. ఈ రోజు తడవకుండా భద్రంగా ఉన్నవి, తమ లెక్క ప్రకారం దొంగతనమైనవి మాత్రమే.

5. ఈ నెల 13వ తేదీ ఆదివారం, దసరా తెల్లారి, షరతు ప్రకారం పందొమ్మిది కుటుంబాలు వస్తువులు పట్టుకొని గేటు దగ్గరికి వచ్చాయి. ప్రదర్శనశాల మూసిన సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. చీటీల మీద ఫోను నంబర్లున్నాయి, చీటీలు లోపల ఉన్నాయి. గేటు దగ్గర కాంట్రాక్టు గార్డు సామేలు ఉన్నాడు. ఆయనను తప్పు పట్టడం లేదు. ఆయన చెప్పింది ఇంతే: "నాకు ఇచ్చిన ఆర్డరు ఒక్కటే అమ్మా. లోపటికి ఏది పోవద్దు, బయటికి ఏది రావద్దు."

కొందరు గేటు ముందే పెట్టి పోతామన్నారు. రోడ్డు అవతల నిలబడిన దేవయ్య వచ్చి ఆపాడు. "గీడ పెట్టకుండ్రి. ఇంట్లున్నవాటినే పోయినయని రాసుకున్నరు. గీడ పెడితే నిజంగనే పోతయి." మరి నీ దగ్గర పెట్టుకో అన్నారు వాళ్లు. "నా ఇంట్ల దొరికితే నేను దొంగనే అని తేల్చిన్రనుకో" అన్నాడు ఆయన. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరివి వారు పట్టుకొని తిరిగి వెళ్లారు. "తిరిగి స్వీకరించవలెను" అని రాసి సంతకం పెట్టింది మండలి. ఆ రోజు స్వీకరించడానికి మండలి తరఫున ఒక్కరూ రాలేదు.

6. 15వ తేదీ మంగళవారం కొడిమ్యాల నుంచి కొమురవ్వ సిరిసిల్లలోని తమ కార్యాలయానికి వచ్చింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. పదకొండేళ్ల క్రితం చనిపోయిన ఆమె భర్త భూమన్న గీత కార్మికుడు. ఆయన తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కిన మోకును ఆమె ఈ ప్రదర్శనశాలకు ఇచ్చింది. పెత్రమాస నాడు ఆ మోకు పక్కన ఇస్తరేసి ఆయనకు ఇష్టమైనవి వడ్డిస్తుంది. వేములవాడలో బస్సు మారి, మోకును సంచిలో పెట్టుకొని వచ్చి, తమ కార్యాలయం వరండాలో రెండు గంటలు కూర్చుంది. నేను వెంట ఉన్నాను. తరువాత శ్రీ మహిపాల్ పిలిచారు.

"ఏంది అవ్వా ఇది?"

"మోకు సారు. తాళ్లెక్కేది."

"నీ దగ్గరికెట్లచ్చింది?"

"నా మొగనిది. మీకిచ్చిన. పెత్రమాసకు మీరే ఇచ్చిన్రు. మళ్ల మీకియ్యనీకి అచ్చిన."

"అవ్వా, రికార్డు ప్రకారం ఇది పోయింది."

"పోతే నా సంచిలెట్లున్నది?"

"ఉన్నది. కని రికార్డుల లేదు. దొంగసొత్తు మేం తీసుకోవద్దు, ఠాణల ఇయ్యాలె."

"దొంగసొత్తా? అరవై ఎనిమిదేండ్ల ముసల్దాన్ని, మోకు దొంగతనం చేసి నేనేం తాడెక్కుత?"

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. "సరే, నా ఇంట్లనే ఉంచుకుంట. నాకాడ ఉన్నదని ఒక కాయితం రాసియ్యి" అంది.

"అట్ల రాస్తే దొంగసొత్తు నీ దగ్గరున్నట్టయితది అవ్వా. నీకే కష్టం."

"రాయకపోతే?"

"రాయకపోయినా అంతే."

ఆమె మోకు మళ్లీ చుట్టి సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో నాతో ఒకే ఒక్క మాట అన్నది: "ఆయన తాళ్ల మీదికెల్లి పడ్డా గింత భయమైతలేకుండె."

7. 18వ తేదీన తమ మండలి పత్రికలో ప్రకటన ఇచ్చింది. 23 వస్తువుల జాబితా ఇచ్చి, అవి కలిగి ఉన్నవారు ఏడు రోజుల్లో అప్పగించాలని, లేనిచో వారినీ నేరంలో భాగస్వాములుగా చూస్తామని రాశారు. ఆ జాబితాలో తొమ్మిదో వస్తువు "పాత తాడు – 1". అది కొమురవ్వ మోకు. పద్నాలుగోది "వెదురు పళ్లెము – 1". అది వీర్నపల్లికి చెందిన రజని తల్లి బీడీలు చుట్టిన చాట. రజని వేములవాడలో ఒక లాడ్జిలో పని చేస్తుంది. 21వ తేదీన నా ముందే స్పీకరు పెట్టి ప్రకటనలోని నంబరుకు ఫోను చేసింది.

"పేపర్ల నోటీసు ఇచ్చిన్రు గద సార్. పద్నాలుగో నంబరు మా ఇంట్ల ఉన్నది."

"పద్నాలుగంటే ఏది?"

"మీరు పళ్లెమని రాసిన్రు. పళ్లెం కాదు, చాట. మా అమ్మ బీడీల చాట."

"మీ దగ్గరికెట్ల వచ్చింది మేడం?"

"మా అమ్మది సార్. మా దగ్గరికి వచ్చుడేంది? మేమే మీ దగ్గరికి పంపినం."

"అయితే పోలీస్ స్టేషన్ల ఇయ్యండి."

"పోయిన. ఫిర్యాదు ఇచ్చినోళ్లు వచ్చి గిదే అని గుర్తుపడితే తీసుకుంటమన్నరు. మీరు రాండ్రి."

"గుర్తుపట్టాల్నంటే రిజిస్టర్ చూడాలె."

"చూడుండ్రి మరి."

"అది లోపట ఉన్నది. సీలేసి ఉన్నది."

"సీలు ఎప్పుడు తీస్తరు?"

"పోయినవి దొరికినంక."

అటువైపు ఫోను పెట్టేశారు. రజని ఫోను చేతిలోనే పట్టుకొని నా వైపు చూసింది. "దొరికినయనే చెప్తున్న గద కాకా" అన్నది.

ఠాణావారు అడిగింది సబబు. మరి తాము మూడు వారాలుగా ఒక్క మనిషిని ఎందుకు పంపలేదు? తమ ప్రకటనలోని ఏడు రోజుల గడువు రేపటితో ముగుస్తుంది. అప్పగిద్దామన్నా తీసుకునేవారు లేని చోట, అప్పగించలేదని నేరం మోపడానికి గడువు మాత్రం ఉంది.

8. "రేపటి ప్రదర్శనశాల" పేరుతో తమ మండలి 46 పేజీల ప్రణాళిక విడుదల చేసింది. మొత్తం చదివాను. తెరలు, లిఫ్టు, ఫోటో దిగే చోటు ఉన్నాయి. 31వ పేజీలో ఈ వాక్యం ఉంది: "దాతల కుటుంబాలు తమ వస్తువులతో అనుబంధమును కొనసాగించుటకు వినూత్న పద్ధతులను అన్వేషించవలెను."

అయ్యా, ఆ పద్ధతి కోరుట్లలో పదిహేనేళ్లుగా ఉంది. దానిని నడిపిన మనిషిని సస్పెండ్ చేశారు. దానిని పాటించిన ఇరవై మూడు ఇళ్లను దొంగలున్న ఇళ్లని పత్రికలో వేశారు. ఇక అన్వేషించడానికి మిగిలిందేమిటో 31వ పేజీ రాసినవారు చెప్పాలి.

కొత్త భవనంలో ఈ నాలుగో షరతు ఉంటుందో లేదో 46 పేజీల్లో ఎక్కడా లేదు. లేకపోతే ముందే చెప్పండి. 389 వస్తువులకూ సొంతదారులున్నారు. సిరిసిల్ల గోదాముకు వెళ్లేముందే వారు తమ నిర్ణయం తాము తీసుకుంటారు.

9. దేవయ్య సంగతి. ఆయనకు ఇంకో నాలుగు నెలల సర్వీసు ఉంది. 412 వస్తువుల్లో సగానికి పైగా ఆయన స్వయంగా ఇళ్లకు వెళ్లి అడిగి తెచ్చినవే. సైకిలు మీద కథలాపూర్ దాకా వెళ్లి తెచ్చినవి నాకు తెలుసు. నాలుగో షరతు చూపించి "మళ్ల ఇస్తరు, నాది పూచీ" అని చెప్పి తెచ్చాడు. మూడు వారాలుగా ఆయన వాడకట్టు దాటి బయటికి రావడం లేదు. మొన్న నేను వెళ్తే చెప్పిన మాట ఇది: "నన్ను దొంగంటే అన్నరు. నా మాట మీద ఇచ్చినోళ్లను గూడ దొంగలను చేసిన్రు. కొమురవ్వ ఇంటి ముంగట నేను ఎట్ల నిలవడాలె?"

ఆయనకు ఇచ్చిన అభియోగ పత్రంలో ఆరో అంశం: "వస్తువుల రాకపోకల పుస్తకము హాజరుపరచుటలో విఫలమైనాడు." ఆ పుస్తకం ఉన్న గదికి సీలు వేసింది తాము. దాని తాళం ఉన్నది తమ దగ్గర. అది తెమ్మని గడపలో చేతులు జోడించి అడిగినవాడు ఆయన. హాజరుపరచడంలో విఫలమైనది ఎవరో ఆరో అంశం మరోసారి చదివితే తెలుస్తుంది.

ఇన్నేళ్లలో నేను పొరపాట్లు చాలా చూశాను. చేసినవారు ఒప్పుకుంటే సాయంత్రానికల్లా సర్దుకునేవే ఎక్కువ. ఇది అంతకన్నా చిన్నది. ఒక సొరుగు తీసి చూస్తే పది నిమిషాల్లో తేలేది. ఆ పది నిమిషాలు ఇవ్వకుండా ఒక మనిషి పేరును మూడు వారాలుగా రోడ్డు మీద పడేశారు. ఇది పొరపాటు అని రాయడానికి నాకు చేయి రావడం లేదు.

కావున కోరేది:

(అ) రేపటి గడువును రద్దు చేసి, ఆ మాట అదే పత్రికలో, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయించాలి.

(ఆ) 30వ తేదీ విచారణకు ముందే, దేవయ్య, ఇద్దరు దాతలు, ఒక ఇంజనీరు సమక్షంలో సీలు తీసి, సొరుగులోని పుస్తకాన్ని, అరల్లోని 23 చీటీలను బయటికి తేవాలి. పైకప్పు భయముంటే ఇంజనీరు చెప్పిన చోటే నడుస్తారు.

(ఇ) 23 వస్తువులను రసీదు ఇచ్చి తీసుకోవాలి. రసీదు మీద "పాత తాడు" అని కాక "మోకు" అని రాయాలి. "వెదురు పళ్లెము" అని కాక "బీడీల చాట" అని రాయాలి.

(ఈ) పుస్తకం చూసిన రోజే దేవయ్యపై ఉత్తర్వు, ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. నాలుగు నెలల తరువాత కాదు.

ఉద్యోగానికి తీసుకోమని మాత్రమే మేము అడగడం లేదు. ఆయన దొంగ కాడని తమ చేతితో రాసి ఇవ్వాలని అడుగుతున్నాము.

కాగితాలన్నీ జతపరచి తమ ముందు పెట్టాను. ముందు ఆ సొరుగు తెరిచి చూసి, ఆ తరువాతే దొంగ ఎవరో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రామస్వామి,
విశ్రాంత విలేకరి, కోరుట్ల.

జతపరచినవి: ఒప్పంద పత్రం నకలు, పంచనామా రెండో పేజీ నకలు, సెప్టెంబరు 17 నాటి వాట్సాప్ సందేశం ఫోటో, 23 వస్తువులు ఈ రోజు ఎవరి ఇంట్లో ఉన్నాయో తెలిపే జాబితా, ఫోటోలు, ఇరవై మూడు సంతకాలు, వేలిముద్రలు.

తా.క.: పైన వేలిముద్ర వేసిన కొమురవ్వ, తన మాట కూడా రాయమని నా పక్కన కూర్చుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "సారు, పెద్దల దినాలని మీరు పని ఆపుకున్నరట. మంచిగనే చేసిన్రు, ఆపుకోవాలె. మరి మీ ఇంట్లోళ్లే పెద్దలా? మా ఆయన తాడట? పాత తాడట? నేను ఆయనకు ఇస్తరేసినందుకు దేవయ్య దొంగైతడా? గట్లనుకుంటే నన్నే దొంగని రాసుకోండ్రి. ఆ పిలగాన్ని ఇడిచిపెట్టుండ్రి." దేవయ్యకు అరవై ఏళ్లని చెప్పాను. నాకంటే చిన్నోడే గదా అన్నది.

దేవయ్యపై శాఖాపరమైన విచారణ ఈ నెల 30వ తేదీ బుధవారం ఉదయం 11 గంటలకు సిరిసిల్లలో తమ కార్యాలయంలో ఉంది. ఇరవై మూడు కుటుంబాలూ సాక్ష్యం చెప్పడానికి వస్తున్నాయి, ఎవరి వస్తువు వారు తెస్తున్నారు. కొడిమ్యాల, కోరుట్ల, వీర్నపల్లి నుంచి వచ్చేవారు పదిన్నరకు తమ వరండాలో ఉంటారు. రసీదులు మూడేసి ప్రతులుగా మేమే రాసి తెస్తున్నాము. తాము సంతకం పెట్టవలసిన చోటు ఖాళీగా ఉంచాము.